బస్సు రాని చోటే కొత్త వెలివాడ

1929లో చాలీస్‌గావ్ స్టేషన్‌లో దిగిన అంబేడ్కర్‌ను దళితవాడకు చేర్చడానికి టాంగా తోలేవారెవరూ ఒప్పుకోలేదు. బండి ఇచ్చారు గానీ తోలడానికి రాలేదు. అలవాటు లేని దళితుడొకరు పగ్గాలు పట్టారు. దారిలో ప్రమాదం జరిగి అంబేడ్కర్ కాలు విరిగింది. ఈ అనుభవాన్ని ఆయన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో నమోదు చేశారు. ఇవాళ ఏ డ్రైవరూ ప్రయాణికుడి కులం అడగడు. అయితే బస్సు ఏ వాడకు వెళ్లాలి, ఎన్ని గంటలకు వెళ్లాలి అన్న నిర్ణయం అది డిపో దాటకముందే జరిగిపోతుంది. నిధులు తక్కువైనప్పుడు ఆ నిర్ణయం ఎవరిని వదిలేస్తుందన్నదే నేటి కుల ప్రశ్న.

రవాణా ప్రణాళికలో ఒక పాత చిక్కు ఉంది. చేతిలో వంద బస్సులే ఉంటే, జనం కిక్కిరిసే దారుల్లో ఐదు నిమిషాలకొకటి నడపవచ్చు. లేదా శివారులోని ప్రతి కాలనీకి గంటకొకటి పంపవచ్చు. మొదటి పద్ధతి రాబడి తెస్తుంది, రెండోది ఎవరినీ విడిచిపెట్టదు. ఒకే సొమ్ముతో రెండూ పూర్తిగా సాధ్యం కావు. ఎంత సొమ్ము దేనికన్నది విలువలకు సంబంధించిన ఎంపిక, చట్టసభలో చర్చించవలసిన రాజకీయ నిర్ణయం. మన దగ్గర మాత్రం కిలోమీటరుకు ఎంత వచ్చింది, ఆక్యుపెన్సీ రేషియో ఎంత అన్న లెక్కల చాటున అది సాంకేతిక వ్యవహారంగా చలామణి అవుతోంది.

హైదరాబాద్ శివారు ఒకటి కాదు, రెండు. ఒకటి ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకున్న గేటెడ్ కమ్యూనిటీల శివారు. అక్కడ ఇంటికో కారుంటుంది. రెండోది నగరం నడిబొడ్డున చోటు దొరకని పేదలకు ప్రభుత్వం కట్టించిన కాలనీల శివారు. 2023 జూన్‌లో ప్రారంభమైన కొల్లూరు డబుల్ బెడ్‌రూమ్ సముదాయంలోనే 15,660 ఇళ్లున్నాయి. ఇలాంటి కాలనీలకు తరలివెళ్లేవారిలో దళిత, బహుజన, ముస్లిం శ్రామికులే ఎక్కువ. ఇల్లు ఊరి అంచుకు మారింది, పని మాత్రం పాత బస్తీల చుట్టూనే ఉండిపోయింది. రోడ్లు ఊడ్చే దళిత మహిళ తెల్లవారకముందే హాజరు వేయించుకోవాలి. మొదటి బస్సు ఆ తర్వాత వస్తే ఆమెకు అది లేనట్టే. ఆటోకు పెట్టే ఖర్చు ఆమె కూలిలోంచే పోతుంది.

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణం ప్రకారం లక్ష జనాభాకు 60 బస్సులుండాలి. కోటి జనాభా గల నగరానికి 6,000 కావాలి. ఉన్నవి అందులో దాదాపు సగమే. 2019 సమ్మె తర్వాత నగరంలో సుమారు వెయ్యి బస్సులను తగ్గించారు. నగర సర్వీసుల నష్టాన్ని కొంతకాలం భరించిన జీహెచ్‌ఎంసీ, తనకా బాధ్యత లేదని హైకోర్టులోనే చెప్పింది. నష్టం ఎవరిదన్న వాదులాట సంస్థల మధ్య సాగింది. దాని ఫలితాన్ని మాత్రం బస్టాపులో నిలబడినవారు అనుభవించారు.

అసలు డబ్బే లేదా? మెట్రో రెండో దశలో 76.4 కిలోమీటర్లకు వేసిన అంచనా రూ.24,269 కోట్లు. అంటే కిలోమీటరుకు దాదాపు రూ.318 కోట్లు. ఒక్కో విద్యుత్ బస్సుకు రెండు కోట్లనుకున్నా, ఆ ఒక్క కిలోమీటరు ఖర్చుతో 150కి పైగా బస్సులు కొనవచ్చు. మెట్రో నిర్మాణం ఒకసారి పెట్టే పెట్టుబడి, బస్సుకు డ్రైవరు, డీజిలు, మరమ్మతుల రూపంలో ఏటా ఖర్చుంటుంది కదా అని ఆర్థికవేత్తలు అంటారు. నిజమే. కానీ ఏటా అయ్యే ఆ ఖర్చులో అధిక భాగం కార్మికుల జీతమే. దాన్ని భారమనీ, కాంక్రీటు స్తంభాలను అభివృద్ధి అనీ పిలిచే భాష ఎవరిదో ఆలోచించాలి.

2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం మహిళల ప్రయాణాన్ని ఉచితం చేసింది. శ్రామిక మహిళకు అది నిజమైన మేలు, దాన్ని వెక్కిరించేవారితో నేను ఏకీభవించను. అయితే జీరో టికెట్ చేతికందాలంటే ముందు బస్సు రావాలి. నా తరగతిలో ఉదయం మొదటి పీరియడ్‌కు తరచూ ఆలస్యమయ్యేవారిలో ఎక్కువమంది శివారు కాలనీల విద్యార్థులు, ప్రత్యేకించి కుటుంబంలో తొలితరంగా పీజీకి వచ్చిన అమ్మాయిలు. హాజరు పట్టీలో అది వారి క్రమశిక్షణా లోపంగా నమోదవుతుంది. రిజర్వేషన్ సీటు ఇస్తుంది, ఆ సీటు దాకా చేర్చవలసినది బస్సు.

పరిమిత నిధులతోనూ చేయగల పనులున్నాయి. నగర సర్వీసుల కిలోమీటర్లలో ఎంత వాటా రాబడి కోసం, ఎంత వాటా సామాజిక బాధ్యత కోసం అన్నది ప్రభుత్వం బహిరంగంగా ప్రకటించాలి. రెండో వాటాకయ్యే ఖర్చును బడ్జెట్‌లో విడిగా చూపించి చెల్లించాలి. అప్పుడు ఖాళీ సీట్లను చూపి ఆ రూట్లను రద్దు చేసే వీలుండదు. కాలనీకి తాళాలిచ్చే రోజే బస్సు సమయాల పట్టిక కూడా ఇవ్వాలి. మొదటి ట్రిప్పు వేళను పారిశుధ్య కార్మికుల షిఫ్టును బట్టి నిర్ణయించాలి. 2024 నవంబర్‌లో మొదలైన కులసర్వే వివరాలను, వ్యక్తుల గోప్యత కాపాడుతూ, బస్సు రూట్ల పటంతో సరిపోల్చాలి. ఏ వాడ ఎంత దూరంలో మిగిలిపోయిందో అప్పుడు అంకెల్లోనే తేలుతుంది.

వెలివాడకు ఒకప్పుడు ఊరు ఎల్లలు గీసింది. ఇప్పుడు రూట్ల పట్టిక గీస్తోంది. విద్యార్థి సంఘాలు, బహుజన పార్టీలు స్కాలర్‌షిప్‌ల గురించి అడుగుతున్నంత గట్టిగా మొదటి బస్సు గురించీ అడగాలి. డిపో మేనేజరు వద్ద మొదలయ్యే ఆ ప్రశ్న బడ్జెట్ సమావేశాల దాకా వెళ్లాలి.