పిల్లల పుస్తకం – ఎదిగిన పాఠకుడు

టెలివిజన్‌లో ప్రసారమయ్యే కార్టూన్ ధారావాహిక ఏదో ఒకనాటితో ముగుస్తుంది. దానిని చూస్తూ పెరిగినవారి మనస్సులో మాత్రం ఆ కథ అంత త్వరగా ముగియదు. పదేళ్ళ ప్రాయంలో చూసిన పాత్రలను పదిహేడేళ్ళ ప్రాయంలోనూ ఆత్మీయంగా తలచుకొనే యువతీయువకులు ఎందరో ఉన్నారు. అటువంటివారు ఆ ధారావాహిక ఆధారంగా పిల్లల కోసం వెలువడిన పుస్తకాన్ని చేతిలోకి తీసుకొంటే, ‘ఇంత పెద్దవాడివై ఇంకా బొమ్మల పుస్తకాలేమిటి?’ అనే మాట ఇంటిలోనో, మిత్రుల మధ్యనో వినవలసి వస్తుంది. ఆ మాటకు వెరచి కొందరు పుస్తకాన్ని దాచుకొంటారు. మరికొందరు చదవడమే మానుకొంటారు. కనుక ఇది పైకి కనిపించినంత చిన్న విషయం కాదు. పిల్లల కోసం సిద్ధపరచిన ఇటువంటి పుస్తకాలు ఎదిగినవారిని కూడా ఆకట్టుకోగలవా? ఆకట్టుకొంటే అందుకు కారణమేమిటి?

ఈ పుస్తకాలు స్థూలంగా రెండు విధాలు. తెరమీద చూసిన కథనే తేలిక మాటలలో, తెరబొమ్మలతో తిరిగి చెప్పేవి మొదటి రకం. తెర చెప్పకుండా విడిచిన దానిని చెప్పేవి రెండవ రకం. మొదటి రకాన్ని చులకన చేయడం తగదు. అప్పుడప్పుడే చదవడం నేర్చుకొంటున్న పసివానికి కథ ముందే తెలిసి ఉండడం గొప్ప ఆసరా. తెలియని మాట ఎదురైనప్పుడు తెలిసిన కథ దాని అర్థాన్ని అందిస్తుంది. అయితే అదే కథను పలుమార్లు చూసిన ఎదిగిన పాఠకునికి ఆ పుస్తకంలో మిగిలేది స్వల్పం. తెరమీది సంగీతం, కంఠస్వరం, కదలిక పోతాయి. వాటికి బదులుగా కొత్తది ఏదీ లభించదు.

రెండవ రకం పుస్తకాల తీరు వేరు. అమెరికాలో 2005 నుండి 2008 వరకు ‘అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్’ అనే ధారావాహిక 61 భాగాలుగా నికెలోడియన్‌లో ప్రసారమైంది. అందులో జూకో అనే రాకుమారుడు చివరికి తన తండ్రిని నిలదీసి, తల్లి ఎక్కడ ఉన్నదని అడుగుతాడు. జవాబు వినిపించకుండానే ఆ ధారావాహిక ముగిసింది. ఆ జవాబును 2013లో జీన్ లూయెన్ యాంగ్ రచనగా వెలువడిన ‘ద సెర్చ్’ అనే బొమ్మల పుస్తకం చెప్పింది. తల్లి ఇల్లు విడవడానికి కారణమైన పరిస్థితులను, కన్నబిడ్డలను మరచిపోవాలని కోరుకొనేంతగా ఆమె అనుభవించిన వేదనను అది చిత్రించింది. 2005లో పదేళ్ళ వయస్సులో ఆ కథను చూడడం ఆరంభించిన బాలునికి ఈ పుస్తకం వచ్చేనాటికి పద్దెనిమిదేళ్ళు. అతడు దానిని చదివినది బాల్యాన్ని వదలలేక కాదు. బాల్యంలో మనస్సులో నాటుకొన్న ప్రశ్నకు సమాధానం కోసం.

‘గ్రావిటీ ఫాల్స్’ మరొక నిదర్శనం. అలెక్స్ హిర్ష్ సృష్టించిన ఈ ధారావాహిక 2012 నుండి 2016 వరకు డిస్నీ సంస్థ ద్వారా 40 భాగాలుగా వచ్చింది. సెలవులకు తాతయ్య వరసైన బంధువు ఇంటికి వచ్చిన కవల పిల్లలలో ఒకరికి అడవిలో ఒక వింత దినచర్య పుస్తకం దొరుకుతుంది. తెరమీద ఆ పుటలు క్షణకాలం మాత్రమే కనిపించేవి. కథ ముగిసిన తరువాత, 2016లోనే, హిర్ష్, రాబ్ రెంజెటి కలిసి ఆ దినచర్యను ‘జర్నల్ 3’ పేరుతో నిజమైన పుస్తకంగా రచించారు. అందులోని రహస్య లిపులను విప్పుకోవడం పదేళ్ళ పిల్లలకు వినోదం. ఎవరినీ నమ్మలేక ఒంటరియైన ఒక పండితుని దుఃఖం ఆ పుటల వెనుక ఉన్నదని గ్రహించడం ఎదిగిన పాఠకునికి లభించే అదనపు ఫలం. పుస్తకం ఒకటే, చదువరి వయస్సును బట్టి అందే అర్థం వేరు.

తెలిసిన కథను తిరిగి చెప్పడమే దోషమైతే మన సాహిత్యంలో ఇన్ని రామాయణాలు ఎందుకు వచ్చాయని ఎవరైనా ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మరల రామాయణమెందుకన్న ప్రశ్నను విశ్వనాథ సత్యనారాయణ ‘శ్రీమద్రామాయణ కల్పవృక్షం’ అవతారికలో తామే లేవనెత్తి, తామే సమాధానం చెప్పారు. తిరిగి చెప్పడం దోషం కాదు. తిరిగి చెప్పేవానికి తనదైన చూపు లేకపోవడం దోషం. మొల్ల చెప్పిన రామకథలో మొల్ల కనిపిస్తుంది. కార్టూన్ కథను కుదించి అచ్చువేసిన పుస్తకంలో చాలాసార్లు ఎవరూ కనిపించరు. ఎదిగిన పాఠకుడు దానిని పక్కన పెట్టడానికి కారణం ఈ లోపమే కాని, అది పిల్లల పుస్తకం కావడం కాదు.

పిల్లల కోసం చెప్పిన కథ పెద్దలను అలరించడం మనకు కొత్త కాదు. పంచతంత్రాన్ని విష్ణుశర్మ ముగ్గురు రాకుమారులకు చెప్పాడని ఆ గ్రంథమే తెలుపుతుంది. అందులోని మిత్రలాభ, మిత్రభేదాలను పరవస్తు చిన్నయసూరి విద్యార్థుల కోసం ‘నీతిచంద్రిక’గా 1853లో వెలువరించారు. పాఠ్యగ్రంథంగా పుట్టిన ఆ రచనను పండితులు తెలుగు వచనానికి ఒరవడిగా మన్నించారు. పిల్లవాడు కదా అని వారు మాటను గాని, ఆలోచనను గాని తక్కువ చేయలేదు. చిన్నవాని బుద్ధిని గౌరవించిన పుస్తకమే పెద్దవానిని కూడా నిలుపుకొంటుందనడానికి ఇంతకంటె నిదర్శనం అవసరం లేదు.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఎదిగిన అభిమానుల ఆసక్తిని గమనించిన ప్రచురణకర్తలు వారి కోసమే పుస్తకాలను తీర్చిదిద్దడం మొదలుపెట్టారు. అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించే రాతలతో, పరిమిత సంఖ్యలో, ‘జర్నల్ 3’కి ఒక ప్రత్యేక ముద్రణ 2017లో వచ్చింది. 2024లో అదే కథాలోకం నుండి వచ్చిన ‘ద బుక్ ఆఫ్ బిల్’ వయోజన పాఠకులను ఉద్దేశించినది. పెద్దలకు పుస్తకాలు రావడం తప్పు కాదు. కాని పెద్దల డబ్బు సంచి మీదనే చూపు నిలిచితే, ఆ కథ మొదట ఎవరిదో ఆ పిల్లలే దుకాణం వెలుపల నిలబడవలసి వస్తుంది. ఎదిగినవారు కూడా తమ రుచినే కొలబద్దగా చేసుకొని, పసివారి కోసం వచ్చిన తేలిక పుస్తకాన్ని పనికిరానిదని తీసివేయరాదు. అది తమ కోసం వ్రాసినది కాదన్న వివేకం వారికి ఉండాలి.

పుస్తకం అట్టమీద ముద్రించే వయస్సు దుకాణదారునికి, కొనే తల్లిదండ్రులకు దారి చూపే గుర్తు మాత్రమే. అది పుస్తకం విలువకు కొలత కాదు. పాఠకుని పరిణతికి అసలే కాదు. ఒక పుస్తకాన్ని చేతిలోకి తీసుకొన్న విద్యార్థి వేసుకోవలసిన ప్రశ్న, ఇది ఏ వయస్సువారిదని కాదు. తనకు తెలిసిన కథకు ఇది కొత్తగా ఏమి చేర్చినదని. ఆ ప్రశ్నకు తగిన జవాబు దొరికినప్పుడు, ఆ పుస్తకాన్ని పదిమంది ఎదుట తెరచి చదువుకోవడానికి సంకోచించవలసిన పని లేదు.