కడుపులో పురుగుకు వీసా అక్కర్లేదు

కూతురికి పురుడు పోయడానికి అమెరికా వెళ్లే అమ్మ సూట్‌కేసు సర్దుకోవడం చూస్తుంటాం. ఆవకాయ, నెయ్యి, వాము, బీపీ మాత్రలు... అన్నీ తూకం వేసి మరీ పెడతారు. ఆ తూకానికి అందని సామాను ఒకటి కొందరి కడుపులో ఉంటుంది. దాని గురించి మాత్రం ఎవరం నోరు విప్పం.

కడుపులో పురుగులంటే చిన్నపిల్లల జబ్బనుకుంటాం. ఏటా బడుల్లో అల్బెండజోల్ మాత్ర మింగిస్తారు, అంతటితో సరి. కానీ స్ట్రాంజిలాయిడిస్ అనే సన్నటి పురుగు తీరు వేరు. మలం కలిసిన తడిమట్టిలో ఉట్టి కాళ్లతో నడిస్తే చర్మంలోంచి దూరుతుంది. మన పల్లెల్లో నాట్లేసే కాళ్లు ఎవరివో వేరే చెప్పాలా? మిగతా పురుగులు చాలావరకు కొన్నేళ్లకు చచ్చిపోతాయి. ఇది లోపల్లోపలే పిల్లల్ని పెట్టుకుంటూ దశాబ్దాలు కాపురం చేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ చెరలో సయాం-బర్మా రైలుమార్గం వేసిన బ్రిటిష్, ఆస్ట్రేలియా సైనికుల్లో కొందరికి ముప్పై ఏళ్లు దాటాక కూడా ఈ పురుగు కనిపించింది. అదే పట్టాల మీద మలయా తోటల నుంచి పట్టుకెళ్లిన వేలాది తమిళ కూలీలు, వాళ్లతోపాటు మన తెలుగువాళ్లూ పనిచేశారు. వాళ్ల కడుపుల సంగతి ఎవరికి పట్టింది?

పురుగు మాటెత్తితే వలస వచ్చినవాడిదే తప్పన్నట్టు చూడటం పాత అలవాటే. 1910లో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఏంజెల్ ఐలాండ్‌లో కొంకిపురుగు ఉందన్న కారణంతో భారతీయుల్ని, చైనీయుల్ని ఆపేశారు, ఎందరినో వెనక్కి పంపేశారు. అప్పటికే దానికి మందుంది! తమాషా ఏమంటే, 1909లో మొదలైన రాక్‌ఫెల్లర్ కమిషన్ అమెరికా దక్షిణ రాష్ట్రాల బడిపిల్లల్లో నూటికి సుమారు 40 మందికి అదే పురుగు ఉందని తేల్చింది. ఆ పిల్లలకు మందులిచ్చారు, మరుగుదొడ్లు కట్టుకోమని ఊరూరా చెప్పారు. మనవాళ్లకేమో తిరుగుటపా.

తర్వాత బుద్ధి కొంత మారింది. 1999 నుంచి అమెరికా వెళ్లే శరణార్థుల్లో చాలామందికి విమానం ఎక్కకముందే పురుగుల మందు ఇస్తూ వచ్చారు. మామూలు వీసా మీద వెళ్లే మనవాళ్లకు ఆ ఏర్పాటు లేదు.

అసలు ప్రమాదం ఆయాసానికో కీళ్లనొప్పులకో స్టీరాయిడ్స్ వాడినప్పుడు. ఒంట్లో రక్షణ తగ్గగానే పురుగులు విపరీతంగా పెరిగి ఊపిరితిత్తులకూ మిగతా అవయవాలకూ పాకుతాయి. ప్రాణం మీదికి వస్తుంది. 2020లో కోవిడ్ రోగులకు డెక్సామెథసోన్ ఇస్తున్నప్పుడు వైద్యులు ఈ హెచ్చరికే చేశారు. అక్కడి డాక్టరుకి ఈ పురుగు తట్టకపోవచ్చు. రక్తంలో ఈసినోఫిల్స్ ఎక్కువుంటే అలర్జీ అని సరిపెట్టేయొచ్చు. మలపరీక్ష ఒక్కసారి చేస్తే తరచు దొరకదు, రక్తంలో యాంటీబాడీల పరీక్ష నయం. మందు ఐవర్‌మెక్టిన్, అదీ డాక్టరు చెబితేనే. బడిలో వేసే ఒక్క మాత్ర దీనికి చాలదు.

చిక్కల్లా చెప్పుకోవడంలోనే ఉంది. పక్కన అల్లుడు కూర్చుని, కూతురు ఇంగ్లీషులోకి తర్జుమా చేస్తుంటే, "మా ఇంట్లో మరుగుదొడ్డి ఉండేది కాదండీ, పొలానికి ఉట్టికాళ్లతోనే వెళ్లేదాన్ని" అని ఏ అమ్మ నోరు తెరిచి చెబుతుంది? కూతురే ముందుగా అడగాలి. అమ్మ ఇంకా ఇక్కడుండగానే, ఫోన్లో.