అనూరుని పగ్గాలు

భారత కథలో వినత తొందరపాటు తెలియని తెలుగు విద్యార్థి అరుదు. సవతి కద్రువకు సంతానం కలిగిందన్న అసూయతో ఆమె తన రెండు గుడ్లలో ఒకదానిని కాలం నిండకముందే చిదిపింది. అందులో నుండి తొడలు ఏర్పడని శిశువు వెలువడ్డాడు. ఊరువులు లేనివాడు కనుక అనూరుడయ్యాడు. తల్లిని శపించి వెళ్లిన ఆ బిడ్డ సూర్యుని రథానికి సారథి అయ్యాడు. ఈ కథ చెప్పేవారు శాపం దగ్గర చాలాసేపు నిలుస్తారు; ఉద్యోగం సంగతి ఒక్క వాక్యంలో దాటవేస్తారు. ఆలోచించదగినది మాత్రం ఆ ఉద్యోగమే. రథం నడపడానికి కావలసినవి పగ్గాలు పట్టే చేతులు, దారి ఎరిగిన చూపు, గుర్రాల వేగాన్ని అదుపులో ఉంచే నేర్పు. తొడలతో అక్కడ పని లేదు. పనికి అవసరమైనదేదో, అవసరం లేనిదేదో విడదీసి చూస్తే అనూరునిలో ఏ లోటూ కనబడదు.

సరిహద్దు మంచుకొండలలోనో, మందుపాతర పేలుడులోనో అవయవాన్ని పోగొట్టుకొని ఇల్లు చేరిన సైనికుని విషయంలో ఈ విధంగా విడదీసి చూడడం ఇంకా సరిగా జరగలేదు. తెలంగాణకు దక్షిణాన ఉన్న ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఈ లోపం మరింత స్పష్టంగా తెలుస్తుంది. ఇవి రాతినేలలు, వానను నమ్ముకొన్న మెట్టపొలాలు. తరతరాలుగా ఇక్కడి మనిషికి దేహబలమే పెట్టుబడి. దేశంలోని ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసినవారు పాలమూరు కూలీలే. వలసపోయే తల్లిదండ్రుల పిల్లలు పదో తరగతి, ఇంటర్మీడియట్ పూర్తి కాగానే సైన్యంలో చేరాలని తెల్లవారుజామున కళాశాల మైదానాలలో పరుగు తీయడం కూడా ఆ పెట్టుబడిని నమ్ముకొనే. కండబలమే కూడు పెట్టే చోట కాలో చెయ్యో పోతే మనిషి విలువే పోయిందన్న భావం ఊరిలో సులభంగా పాతుకొంటుంది. ఊరి జాలి ఆ భావానికి మరింత బలం చేకూరుస్తుంది.

వీరమరణం పొందినవారిని గౌరవించడంలో ఈ నేల వెనుకబడలేదు. 2020 జూన్ 15వ తేదీ రాత్రి గల్వాన్ లోయలో నేలకొరిగిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు సూర్యాపేటవాడు. మరుసటి నెలలోనే రాష్ట్ర ప్రభుత్వం ఆయన భార్యకు డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగమిచ్చింది. ఆయనకు మరణానంతరం మహావీర చక్రం లభించింది. సూర్యాపేటలో విగ్రహం వెలసింది. ఇవన్నీ జరగవలసినవే, జరిగినందుకు సంతోషించవలసినవే. అయితే అదే సైన్యం నుండి ఒక కాలితో తిరిగివచ్చిన సిపాయికి విగ్రహం ఉండదు, ఊరేగింపు ఉండదు. అతడు ఆసుపత్రి కాగితాల సంచితో బస్సు దిగుతాడు. అప్పటికి అతనికి ముప్పయి ఏళ్లు కూడా ఉండకపోవచ్చు.

చట్టం ఇక్కడ ఒక విచిత్రమైన మలుపు తిరిగింది. 1995 నాటి వికలాంగుల చట్టంలోని 47వ సెక్షను, ఉద్యోగంలో ఉండగా వైకల్యం పొందినవారిని తొలగించరాదని చెప్పింది. చేసే పనికి తగకపోతే అదే జీతంతో వేరొక పనికి మార్చాలి. అటువంటి ఖాళీ లేకపోతే అదనపు పోస్టు కల్పించి అయినా కొనసాగించాలి. బస్సు నడిపే డ్రైవరుకు కంటిచూపు తగ్గితే అతడు ఇంటిదారి పట్టనక్కరలేకుండా చేసినది ఈ నియమమే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా దీనిని నిలుపుకొంది. కాని పోరాట విధులు నిర్వర్తించే సైనికులకు 2002లోనూ, కొత్త చట్టం వచ్చిన తరువాత 2021లోనూ కేంద్ర ప్రభుత్వం మినహాయింపు ప్రకటించింది. యుద్ధరంగానికి పూర్ణాంగులే కావాలన్న వాదంలో న్యాయం లేకపోలేదు. అయితే దేశంకోసం అవయవాన్ని ఇచ్చినవానికే ఆ రక్షణ లేకుండా చేసినప్పుడు, అతనికి మరొక వృత్తి నేర్పే బాధ్యత ప్రభుత్వానికి రెట్టింపవుతుంది. ఆ బాధ్యత పింఛనుతో తీరిపోయిందనుకోవడం పొరపాటు.

పింఛను సైతం సులభంగా రాదు. సైనిక సేవలో చేరేనాటికి లేని జబ్బు తరువాత వస్తే అది సేవ వల్ల వచ్చినదిగానే భావించాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. ఇందులో మరొక చిక్కు ఉంది. పింఛనులో వైకల్య భాగానికి సైనిక వైద్యమండలి చూసే కనీస పరిమితి 20 శాతం. దివ్యాంగుల చట్టం కింద ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషనుకు కావలసిన కనీస పరిమితి 40 శాతం. సైన్యం దృష్టిలో వికలాంగుడై ఇల్లు చేరినవాడు జిల్లా ఆసుపత్రి గడప దగ్గర వికలాంగుడు కాకుండా పోవచ్చు. ఏది ఏమైనా ఆ రెండు కొలతల నడుమ నలిగేది ఒకే మనిషి. వికలాంగుడన్న మాటను దివ్యాంగుడని మార్చడానికి పట్టినంత కాలం ఈ రెండు కొలతలను కలపడానికి పట్టకూడదు.

మాజీ సైనికులకు ఉద్యోగాలు అసలు లేవని చెప్పడం సరికాదు. కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలలో గ్రూప్-సి పోస్టులలో 14.5 శాతం, గ్రూప్-డి పోస్టులలో 24.5 శాతం వారికి కేటాయించారు, ఇందులో 4.5 శాతం వికలాంగులైన మాజీ సైనికులకు, పోరులో మరణించినవారి కుటుంబీకులకు ఉద్దేశించినది. రక్షణ శాఖలోని పునరావాస విభాగం పదవీ విరమణకు ముందు శిక్షణలు కూడా ఇప్పిస్తుంది. ఆచరణలో మాత్రం మాజీ సైనికుడంటే భవనం ముందు నిలబడే కాపలాదారు అన్న అభిప్రాయమే స్థిరపడింది. నిలబడవలసిన ఉద్యోగం కాలు లేనివానికి ఎలా దక్కుతుంది?

నిలబడనక్కరలేని ఉద్యోగాలు ఈ కాలంలోనే ఎక్కువగా పుట్టాయి. కంప్యూటరు ముందు కూర్చొని చేసే పని జీవికకూ కండబలానికీ ఉన్న ముడిని తెంచింది. సాఫ్ట్‌వేర్ తయారుచేయడం ఒక్కటే ఆ పని అనుకోరాదు. తయారైన దానిని పరీక్షించడం, భూముల పటాలను డిజిటల్ రూపంలోకి తేవడం, డ్రోను చిత్రాలను పరిశీలించడం, కంప్యూటరు వలయాలను కాపు కాయడం, దూరాన ఉన్న వినియోగదారునికి ఫోనులో సహాయపడడం, ఇవన్నీ ఆ కోవలోనివే. పాతికేళ్ల క్రితం ఇవి మెట్ట ప్రాంతపు యువకునికి పేరైనా తెలియని వృత్తులు. 2023లో మహబూబ్‌నగర్ సమీపంలోని దివిటిపల్లిలోనూ, నల్లగొండలోనూ, సూర్యాపేటలోనూ ఐ.టి. భవనాలు ప్రారంభమయ్యాయి. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం నల్లగొండలో, పాలమూరు విశ్వవిద్యాలయం మహబూబ్‌నగర్‌లో ఉన్నాయి. పనిచేసే చోటు దగ్గరకు వచ్చింది; ఆ చోటుకు మనిషిని సిద్ధం చేసే ఏర్పాటు దానితోపాటు రావాలి.

పదో తరగతి చదివిన సిపాయి కంప్యూటరు విద్య నేర్వగలడా అని కొందరు సందేహిస్తారు. సైన్యం గురించి తెలియనివారి సందేహమది. రేడియో సెట్లు నడిపేవారు, రాడారు తెరను గంటల తరబడి గమనించేవారు, ఎలక్ట్రానిక్ పరికరాలను మరమ్మతు చేసేవారు సైన్యంలో అసంఖ్యాకులు. ఆ విద్య నేర్పే ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీరింగ్ సైనిక కళాశాల సికింద్రాబాదులోనే ఉంది. నల్లగొండకు అది సుమారు నూరు కిలోమీటర్ల దూరం. తెరమీద చిన్న మార్పును పసిగట్టే అప్రమత్తత, రాత్రి పాళీకి వెరవని అలవాటు, చెప్పిన పద్ధతిని తప్పకుండా పాటించే క్రమశిక్షణ కంప్యూటరు వలయాల భద్రత చూసే సంస్థలకు సరిగ్గా కావలసినవి. లేనిది ఇంగ్లీషు మీద పట్టు, పౌర సంస్థలు గుర్తించే ధ్రువపత్రం. ఈ రెండూ శిక్షణతో వచ్చేవే.

ప్రపంచం ఈ పాఠాన్ని నూరేళ్ల క్రితమే చదివింది. మొదటి ప్రపంచయుద్ధంలో కళ్లు పోగొట్టుకొన్న సైనికుల కోసం 1915లో ఆర్థర్ పియర్సన్ లండనులో సెయింట్ డన్‌స్టన్స్ అనే సంస్థను నెలకొల్పాడు. ఆయన పత్రికాధిపతి, తానూ చూపు కోల్పోయినవాడు. అక్కడ బుట్టలల్లడం, కోళ్ల పెంపకంతోపాటు టైపు కొట్టడం, టెలిఫోన్ కేంద్రం నడపడం నేర్పారు. ఆనాటికి టెలిఫోనే నవీన సాంకేతిక రంగమని మరవకూడదు. భారతదేశంలో 1917లో బొంబాయిలో మొదలై, తరువాత పుణె దగ్గరి ఖడ్కీకి తరలిన క్వీన్ మేరీస్ సాంకేతిక సంస్థ ఇదే ఆశయంతో పుట్టింది. వికలాంగ సైనికులకు వృత్తివిద్య నేర్పే ఈ సంస్థ నూరేళ్లు దాటినా నిలిచి ఉండడం గర్వకారణం. కాని అచ్చంపేట దగ్గరి పల్లె నుండి ఖడ్కీకి, చక్రాల కుర్చీలో, కుటుంబాన్ని విడిచి, నెలల తరబడి వెళ్లి ఉండగలిగేవారు ఎందరు? హైదరాబాదు విద్యానగరులో కేంద్ర ప్రభుత్వం వికలాంగులకోసం నడిపే వృత్తి శిక్షణ కేంద్రం సైతం అటువంటివారికి దూరమే.

ఒక జిల్లాలో వికలాంగ సైనికులు ఎందరుంటారు, ఆ కొద్దిమందికోసం కేంద్రం పెట్టడం దండగ కాదా అన్న ప్రశ్న అధికారుల నోట రావచ్చు. ఆ ప్రశ్నకు సమాధానం నల్లగొండ నేలలోనే ఉంది. ఇక్కడి భూగర్భ జలంలోని ఫ్లోరైడు ఎముకలను వంచుతుందని దశాబ్దాల నుండే వైద్యలోకానికి తెలుసు. నీటి నుండి ఫ్లోరైడును తొలగించే ఒక పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అయినా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాలలో వంగిన వెన్నుతో, బిగిసిన మోకాళ్లతో ఎదిగిన తరాలున్నాయి. కృష్ణా జలాలు ఇంటింటికి చేరి కొత్త తరాన్ని కాపాడవచ్చు, అప్పటికే వంగిన ఎముక మాత్రం నిటారు కాదు. వారి చేతివేళ్లకు, బుద్ధికి పని కావాలి. రోడ్డు ప్రమాదాలలో వెన్ను విరిగినవారు, పుట్టు అంధులు, బధిరులు వీరికి తోడవుతారు. సైనికుడు, ఫ్లోరోసిస్ బాధితుడు ఒకే గదిలో పక్కపక్కన కూర్చొని నేర్చుకోవడంలో సైనికుని గౌరవానికి తగ్గేదేమీ లేదు. పైగా, నలుగురిని నడిపించడం అలవాటైన హవల్దారు ఆ గదిలో విద్యార్థిగా చేరి, ఏడాది తిరగకముందే బోధకుడుగా మారే అవకాశం ఎక్కువ.

అటువంటి గదికి పెద్ద ఖర్చేమీ లేదు. అది నేల అంతస్తులో ఉండాలి. వాలుదారి, వెడల్పైన తలుపు, చక్రాల కుర్చీ తిరగగలిగే మరుగుదొడ్డి ఉండాలి. తెరమీది అక్షరాలను అంధులకు చదివి వినిపించే ఎన్.వి.డి.ఎ. అనే సాఫ్ట్‌వేరును 2006లో మైకేల్ కర్రన్ అనే ఆస్ట్రేలియా యువకుడు ప్రారంభించాడు. అతడూ అంధుడే. దానిని ఉచితంగా తెచ్చుకోవచ్చు, తెలుగునూ పలికించవచ్చు. ఫిరంగుల మోతకు వినికిడి పోయినవారికి మాత్రం మాట వెంట తెరమీద అక్షరాలు కనబడాలి. ఈ తేడాలు తెలిసిన బోధకుడు దొరకడమే కష్టం, యంత్రాలు దొరుకుతాయి. శిక్షణ ఇచ్చే సంస్థ చివరికి ధ్రువపత్రం చేతిలో పెట్టి పంపివేయకుండా, మొదటి ఆరునెలల ఉద్యోగం నిలబడేదాకా వెంట ఉండాలి. మంచి శిక్షణ ఉద్యోగం ముందు ఆగిపోయిన కథలే ఎక్కువ.

అడ్డంకి దేహంలో కంటె నియమావళిలో ఎక్కువగా ఉంటుందనడానికి ఇంటర్మీడియట్ చరిత్రలోనే నిదర్శనం ఉంది. మచిలీపట్నం ప్రాంతంలో పుట్టు అంధుడైన శ్రీకాంత్ బొల్లా పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొన్నా, ఇంటర్మీడియట్‌లో సైన్సు చదవడానికి అనుమతి దొరకక న్యాయస్థానానికి వెళ్లవలసి వచ్చింది. అనుమతి వచ్చిన తరువాత 98 శాతం మార్కులతో ఉత్తీర్ణుడై, అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి, తిరిగివచ్చి 2012లో హైదరాబాదు కేంద్రంగా పరిశ్రమ స్థాపించాడు. సైన్సు తరగతిలో చోటు దొరికే దాకా అతని తెలివితేటలు ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఈ విషయాన్ని వాయిదా వేయడానికి ఇప్పుడు వీలు తగ్గింది. 2022లో మొదలైన అగ్నిపథ్ పథకం కింద పదిహేడున్నర ఏళ్లు నిండిన యువకులు నాలుగేళ్లకు సైన్యంలో చేరుతున్నారు. నల్లగొండ, పాలమూరు కళాశాలల మైదానాలలో పరుగెత్తేది ఆ ఉద్యోగాల కోసమే. గడువు ముగిసినవారిలో నలుగురిలో ఒకరిని మించి సైన్యం నిలుపుకోదు. మిగిలినవారికి నెలనెలా పింఛను లేదు. సేవలో వైకల్యం కలిగితే దాని తీవ్రతను బట్టి 15 లక్షలు, 25 లక్షలు, 44 లక్షల రూపాయలు పరిహారంగా ఒక్కసారి చెల్లిస్తారు. చిన్న మొత్తం కాదది. కాని ఇరవైరెండేళ్లవాని చేతికి అందే 15 లక్షలు ఇంటి కప్పుకు, అప్పులకు, చెల్లెలి పెళ్లికి సరిపోతాయి. అతని ముందు ఇంకా సుమారు నలభై ఏళ్ల పనికాలం ఉంటుంది. 2022 చివర చేరిన తొలి జట్టుకు నాలుగేళ్ల గడువు 2026 చివరిది.