ఎలుక మందు

కిరాణా కొట్టుకు వెళ్లి "ఎలుక మందు ఇవ్వండి" అని అడిగి చూడండి. కొట్టు యజమాని మారుమాట లేకుండా విషం పొట్లం చేతిలో పెడతాడు. దగ్గు మందు తాగితే దగ్గు పోతుంది, ఎలుక మందు పెడితే ఎలుకే పోతుంది. ఎలుకకి వైద్యం అన్న ఊహకి మన మాటల్లోనే చోటు లేదు. అందులో ఆశ్చర్యమూ లేదు. బియ్యం బస్తా కొరికి, బీరువాలో పట్టుచీరకి చిల్లులు పెట్టే జీవిని ఏ ఇల్లాలు ముద్దు చేస్తుంది? వినాయక చవితినాడు స్వామి పాదాల దగ్గరున్న మూషికానికి దణ్ణం పెడతాం. మర్నాడు బోను ఎక్కడ పెట్టామా అని వెతుక్కుంటాం.

అయితే ఇప్పుడు ఎలుక ఇంకో దారిన కూడా మన ఇళ్లలోకి వస్తోంది. పెంపుడు జంతువుల దుకాణంలో కొన్న తెల్ల ఎలుకగా, పంజరంతో సహా, పిల్లల పుట్టినరోజు కానుకగా వస్తోంది. నాచారం, ఉప్పల్, నారపల్లి వైపు అద్దె ఇళ్లలో కుక్కని పెంచుతామంటే ఇంటివాళ్లు ఒప్పుకోరు. చిన్న పంజరానికి ఎవరూ అడ్డు చెప్పరు. పిల్లలు పేరు పెడతారు. పిలిస్తే వస్తుంది, భుజమెక్కి కూచుంటుంది. నిజంగానే తెలివైన ప్రాణి. చిక్కల్లా దానికి జబ్బు చేసినప్పుడే.

మా వైపు ఈ మధ్య జరిగిందే చెబుతాను. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి పెంచుకునే ఎలుక తిండి మానేసి డొక్కలెగరేస్తోంది. ముక్కు చుట్టూ ఎర్రగా నెత్తురులా ఉంది. తల్లి దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని, 2018లో మొదలైన ఎలివేటెడ్ కారిడార్ పనులతో ఏళ్ల తరబడి నలిగిన ఆ నారపల్లి–ఉప్పల్ రోడ్డు మీద ఆటోలో బయల్దేరింది. మొదటి క్లినిక్‌లో "మేం కుక్కల్నీ పిల్లుల్నే చూస్తాం" అన్నారు. రెండోచోట పెట్టె మూత తీసి కూడా చూడలేదు. "ఇక్కడ ఫీజు కట్టే డబ్బులతో ఇంకోటి కొనుక్కోవచ్చు కదమ్మా" అని నవ్వారు. ఆ నవ్వు ఆ పిల్ల ముందే నవ్వారు. మూడోచోట ఓ కుర్ర డాక్టరు మాత్రం "నేను ఎలుకల్ని ఎక్కువగా చూడలేదమ్మా, కనుక్కుని చెబుతాను, కూర్చోండి" అన్నాడు. తన కాలేజీ స్నేహితుడికి ఫోన్ చేశాడు. ఎలుకని తూచాడు, బరువుకి తగ్గట్టు మందు లెక్క కట్టి ఇచ్చాడు. ఆ ఎలుక మరో అయిదు నెలలు హాయిగా బతికింది. ఎలుక ఆయుష్షే రెండు మూడేళ్లు. అందులో అయిదు నెలలంటే తక్కువేం కాదు.

"ఇంకోటి కొనుక్కోండి" అన్న మాట దగ్గరే నా బాధంతా. ఖరీదుని బట్టి ప్రాణానికి విలువ కట్టడం పిల్లలకి మనం నేర్పాల్సిన పాఠమేనా? ఈ మాట మనకీ కొత్త కాదు. నడుం నొప్పి అంటే "ఈమాత్రం దానికి డాక్టరా?" అని ఎన్ని ఇళ్లలో వినలేదు? ఎవరి నొప్పికి వైద్యం కావాలో, ఎవరి నొప్పి ఓర్చుకుంటే సరిపోతుందో ఇంకెవరో తేల్చేయడం మనకి బాగా తెలిసిన సంగతే. అందుకే ఈ నవ్వులో మనం కలవకూడదు.

"మనుషులకే దిక్కులేదు, ఎలుకల గోలేమిటి?" అనేవాళ్లు ఉంటారు. నిజమే, రైతు గేదెకి అందాల్సిన మందు ఎలుకకి మళ్లించమని ఎవరూ అడగడం లేదు. కానీ కొని తెచ్చి పంజరంలో పెట్టిన ప్రాణి బాధ్యత మనదే. చట్టం కూడా అదే చెబుతోంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం మనిషి తప్ప ప్రాణమున్న ప్రతి జీవీ జంతువే. దాన్ని సాకేవాళ్లు దాని క్షేమం చూడాలి. ఎలుకకి అందులో మినహాయింపు లేదు.

ఎలుకల గురించి మనకి తెలియకపోతే కదా! నాచారానికి కూతవేటు దూరంలో, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. కూనూరులో మెక్‌కారిసన్ దొర మన దేశంలోని ఒక్కో ప్రాంతం వాళ్ల తిండి ఎలుకలకి పెట్టి, ఏ తిండితో ఆరోగ్యం ఎలా ఉంటుందో చూశాడు. పాలు, పప్పు, ఆకుకూర పిల్లలకి ఎందుకు పెట్టాలో మనకి తెలిసిన దాంట్లో ఎలుకల రుణం ఉంది. ప్రయోగశాలల్లోని ఎలుకలకి పశువైద్యుల పర్యవేక్షణ ఉండాలని నిబంధనలున్నాయి. ప్రయోగశాలలో దొరికే వైద్యం, ఇంట్లో పిల్ల ఒళ్లో ఉన్న ఎలుకకి దొరకదు. ఉన్న చదువు క్లినిక్ బల్ల దాకా రావడం లేదు, అంతే.

ఎలుకని చిన్న కుక్క అనుకుని వైద్యం చేస్తే కుదరదు. ఆపరేషన్ ముందు కుక్కని రాత్రంతా పస్తు ఉంచుతారు. ఎలుక వాంతి చేసుకోలేదు, కాబట్టి దానికి ఆ పస్తు అక్కర్లేదు, పెడితే నీరసించిపోతుంది. కుందేలుకీ గినీపిగ్‌కీ నోటిద్వారా అమాక్సిసిలిన్ ఇస్తే ప్రాణం మీదికొస్తుంది, ఎలుక తట్టుకుంటుంది. ఇంట్లో ఉన్న పిల్లల సిరప్ అందాజాగా పోయడం మరీ ప్రమాదం. అరకిలో కూడా లేని ప్రాణికి ఒక్క చుక్క ఎక్కువైనా ఎక్కువే.

మనం గమనించాల్సినవీ ఉన్నాయి. ఎలుక జబ్బుని దాచుకుంటుంది, బయటపడేసరికి ముదిరిపోతుంది. కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర కనిపించే ఎరుపు చాలాసార్లు నెత్తురు కాదు, కంటి వెనక గ్రంథిలో ఊరే పోర్ఫిరిన్ అనే పదార్థం. ఒంట్లో బాగాలేదని అది ఇచ్చే సూచన. గురక, తుమ్ములు, డొక్కలెగరేయడం ఉంటే ఊపిరితిత్తుల్లో మైకోప్లాస్మా చేరి ఉండొచ్చు. అది పూర్తిగా పోయేది కాదు, మందులతో అదుపులో ఉంచేది. ఆడ ఎలుకలకి పొట్ట కింద, చంకల్లో గడ్డలు వస్తాయి. చిన్నగా ఉన్నప్పుడు చూపిస్తే తీసేసే వీలుంటుంది. వంటింటి డిజిటల్ త్రాసు లాంటిది దానికోసం ఒకటి విడిగా పెట్టుకుని వారానికోసారి తూచి రాసుకోండి, డాక్టరుకి ఆ కాగితమే సగం పని చేసిపెడుతుంది. పంజరంలో మూత్రం వాసన పేరుకోనివ్వకండి, ఆ ఘాటు ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. ముట్టుకున్నాక పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు గాలి ఆడే డబ్బాలో గుడ్డ, కీరదోస ముక్క వేసి, ఎండపడని వేళ బయల్దేరండి.

ఇక అడగాల్సిన వాళ్లని అడగాలి. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది, నారాయణగూడలో సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. నగరానికి ఈ తూర్పు కొసన ఉన్నవాళ్లకి ఏ డాక్టరు కుందేళ్లని, ఎలుకల్ని చూస్తారో తెలిపే జాబితా ఒక్కటి ప్రతి పశువైద్యశాల గోడకీ అంటిస్తే ఎంత ఖర్చవుతుంది? వారంలో ఒక పూట ఉప్పల్ వైపు చిన్న ప్రాణులకి కేటాయిస్తే ఎవరికి నష్టం? తెలియని డాక్టరు తెలిసినవాళ్లకి ఫోన్ చేయడానికైతే పైసా ఖర్చు లేదు.

మనవంతు కూడా ఒకటుంది. దుకాణంలో పిల్లాడు చెయ్యి పట్టుకుని మారాం చేసినప్పుడు ధర అడిగే ముందు, దీనికి జబ్బు చేస్తే ఎవరు చూస్తారో అడగండి. జవాబు లేకపోతే కొనకండి. కొన్నాక మాత్రం చివరిదాకా మనదే. ఇక బతకదని తేలితే, మత్తు ఇచ్చి నొప్పి లేకుండా సాగనంపమని డాక్టరుని అడగండి. మురికికాలువ పక్కన వదిలేసి రావడం ఏ పిల్లకీ మనం చూపించాల్సిన ముగింపు కాదు.