నిప్పును ఆపే తలుపు ఏది?



ఏడాది కష్టాన్ని కోల్డ్ స్టోరేజీలో పెట్టి, బాండు కాగితం పట్టుకుని ఇంటికొస్తాం. ధర పెరుగుతుందా లేదా అన్నదే మన బెంగ. లోపల నిప్పు పుడితే ఆపేదేమిటని అడగం. అడగాల్సిన రోజు వచ్చింది.

ఫైర్ డోర్ అంటే మామూలు ఇనుప తలుపు కాదు. మంటకు తట్టుకునే సరుకు లోపల నింపి, వేడికి ఉబ్బి సందులు మూసే పట్టీలు అంచులకు పెట్టి, కొలిమిలో పరీక్షించి చేస్తారు. గంట, రెండు గంటలు అని దానికో లెక్క ఉంటుంది. అంతసేపు మంటను, పొగను ఒక గదిలోనే కట్టేస్తుంది. ఈలోగా హమాలీలు బయటపడతారు, ఫైరింజన్ వస్తుంది, పక్క చాంబర్‌లోని టిక్కీలు దక్కుతాయి.

చలి నిలవడానికి గోడలకు థర్మోకోల్ వేస్తారు. అంటుకుంటే నల్లటి పొగే. పక్కనే అమ్మోనియా యంత్రాలు. చలిని ఆపే మందపాటి తలుపును చూపి "ఇదే ఫైర్ డోర్" అంటే నమ్మకండి. చాలాచోట్ల దాని లోపల ఉండేది నురుగే, అంటే మంటకు మేత.

అసలు ఫైర్ డోర్ ఉన్నా, రాకపోకలకు అడ్డమని టిక్కీ ఆనించి తెరిచి ఉంచితే అది లేనట్టే. అది తనంతట తానే మూసుకోవాలి. జనం బయటపడే దారికి తాళం వేయడమైతే నేరమే. 2022 మార్చిలో సికింద్రాబాద్ బోయిగూడ తుక్కు గోడౌన్‌లో, పై గదిలో నిద్రిస్తున్న 11 మంది బీహార్ కూలీలు బయటపడే దారిలేక చనిపోయారు. మన హమాలీలూ అలాంటి కూలీలే.

ఖర్చెక్కువంటారు యజమానులు. టిక్కీకింత అని అద్దె వసూలు చేసేటప్పుడు ఆ ఖర్చు గుర్తురాదా? మంటల్లో భవనం పోతే వారికి బీమా ఉంటుంది. బాండు చేతిలో ఉన్న రైతుకు, ఆ బాండు మీద తెచ్చిన అప్పుకు ఎవరు పూచీ? జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016లో ఉంది. ఫైర్ డోర్లకు ఐఎస్ 3614 ప్రమాణం ఉంది. కొరవడింది అమలు.

మన డిమాండ్లు:

1. ఫైర్ శాఖ అనుమతి పత్రం, గడువు తేదీతో సహా గేటు దగ్గర తెలుగులో అంటించాలి.
2. చాంబర్ల మధ్య, యంత్రాల గది దగ్గర పరీక్షించిన ఫైర్ డోర్లు పెట్టాలి. సీజన్‌కు ముందు అధికారుల తనిఖీలో రైతు ప్రతినిధి ఉండాలి.
3. సరుకు బీమా వివరాలు బాండు మీదే రాయాలి.

టిక్కీలు దించకముందే అడగండి. కాలాక అడిగితే మిగిలేది బూడిదే.