విప్పే ముందు కొలవండి



ఇంగ్లాండులో నివసిస్తున్న మన తెలుగు సహోదరుడొకరు మాకు ఒక ఉత్తరం రాశారు. అది చాలా కుటుంబాలకు పనికి వచ్చే విషయం గనుక జవాబు ఈ శీర్షికలోనే ఇస్తున్నాము.

ఆయన దగ్గర 1974 నాటి వోక్స్‌వ్యాగన్ క్యాంపర్ వ్యాను ఉన్నది. లోపలే పడక, చిన్న స్టవ్వు, అలమర అమర్చిన బండి. వేసవి సెలవుల్లో భార్యాపిల్లలతో వేల్స్ కొండల వైపు వెళ్లాలని కొన్నారు. ఇప్పుడు దానికి ఎత్తు ఎక్కే శక్తి లేదు. ఆయిలు కారుతున్నది, మిస్సింగు కొడుతున్నది. ఒక గ్యారేజీవారు చూసి, ఇంజను మొత్తం ఓవర్‌హాలు చేయాలనీ, 3,000 పౌండ్లు అవుతుందనీ చెప్పారట. ఆయన చేతిలో ఉన్నది 600 పౌండ్లు. “అప్పు చేయమంటారా, అమ్మేయమంటారా?” అని అడిగారు.

ఇప్పుడే రెండూ వద్దు, ముందు కొలవండి అన్నది మా సలహా. రోగం తేలకుండా మందుల మీద డబ్బు పోయడం ఎంత నష్టమో, లోపం తేలకుండా సామాన్లు కొనడం అంతే నష్టం. అదృష్టవశాత్తూ ఈ ఇంజను ఇంట్లోనే పరీక్షించడానికి అనువైనది.

ఈ రకం వ్యాను తయారీ జర్మనీలో 1950లో మొదలై, బ్రెజిల్‌లో 2013 వరకు సాగింది. మన సహోదరుని బండిలో ఉన్నది 1600 సి.సి. ఇంజను. అది వెనుక భాగంలో ఉంటుంది. నాలుగు సిలిండర్లు అటు రెండు, ఇటు రెండు పడుకొని ఉంటాయి. రేడియేటరు లేదు, నీళ్లు లేవు. ఫ్యాను తోలే గాలే దానిని చల్లబరుస్తుంది. అందుచేత ఇంజను చుట్టూ ఉండే రేకులు, రబ్బరు పట్టీలు అలంకారానికి కావు. అవి ఊడిపోతే వేడిగాలి మళ్లీ లోపలికే వెళ్లి ఇంజను కాలిపోతుంది. ఫ్యాను బెల్టు తెగితే చల్లదనం పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు డాష్‌బోర్డు మీద చార్జింగు ఎర్రదీపం వెలుగుతుంది. వెంటనే బండి ఆపాలి.

ఇక పరీక్షలు. మొదటిది టాపెట్లు. రాత్రంతా చల్లారిన ఇంజను మీద వాల్వుల సందు ఫీలర్ గేజితో చూడాలి. ఈ ఇంజనుకు అది 0.15 మిల్లీమీటరు ఉండాలి. సందు ఎక్కువైతే టకటకమని చప్పుడు వస్తుంది. మనం దానికి భయపడతాము గాని, నిజంగా భయపడవలసింది చప్పుడు లేని వాల్వుకు. సందు మూసుకుపోతే వాల్వు తన సీటు మీద పూర్తిగా కూర్చోదు. కూర్చోనిదే దాని వేడి దిగదు. అలా కాలి కాలి వాల్వు తల తెగిందంటే పిస్టను పగులుతుంది. ఒకసారి సరిచేసిన సందు కొద్ది రోజులకే మళ్లీ మూసుకుపోతుంటే, ఆ వాల్వు సాగుతున్నదని గాని, సీటు దిగుతున్నదని గాని అర్థం. ఆ హెడ్డు తప్పక దించాలి.

రెండవది కంప్రెషను. ఇంజను కాస్త వేడెక్కాక కాయిలు వైరు తీసి, నాలుగు ప్లగ్గులు విప్పి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టి స్టార్టరు తిప్పాలి. గేజి చూపిన అంకె సిలిండరు వారీగా రాసుకోవాలి. నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా, ఒకటి బాగా పడిపోయిందా అన్నది ముఖ్యం.

మూడవది క్రాంక్ షాఫ్టు ఆట. వెనుకనున్న పుల్లీని రెండు చేతులా పట్టుకొని ముందుకు, వెనుకకు గట్టిగా లాగి చూడాలి. ఠక్కుమని కదిలితే మంచి లక్షణం కాదు. డయల్ గేజితో కొలిస్తే ఆ ఆట 0.15 మిల్లీమీటరు మించరాదు.

ఈ మూడూ ఒక్క శనివారంలో అయిపోతాయి. ఫీలర్ గేజి, వాల్వు కవర్ల గ్యాస్కెట్లు, కంప్రెషను గేజి కొన్నా 600 పౌండ్లలో కొద్ది భాగమే ఖర్చవుతుంది. కంప్రెషను నాలుగింటిలోనూ బాగుండి, క్రాంకులో ఆట లేకపోతే ఇంజను విప్పనే వద్దు. టాపెట్లు, ప్లగ్గులు, పాయింట్లు, టైమింగు సరిచేసి, కార్బురేటరు శుభ్రం చేస్తే చాలావరకు కుదుటపడుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

ఒక సిలిండరు మాత్రమే పడిపోయి, క్రాంకు బాగుంటే హెడ్డు వరకే పని. ఈ ఇంజనులో సిలిండర్లు విడివిడిగా ఊడి వస్తాయి గనుక బోరింగు ఖర్చు లేకుండా పిస్టన్లూ సిలిండర్లూ సెట్టుగా మార్చుకోవచ్చు. గేర్‌బాక్సుకు నాలుగు బోల్టులు, వెనుక ఒక అడ్డకమ్మీ విప్పితే ఇంజను దిగుతుంది. కాని అది వంద కిలోల పైమాటే. ఒంటరిగా దించవద్దు. పిల్లలను దగ్గరకు రానీయవద్దు. జాకీ ఒక్కదానినే నమ్మి బండి కిందికి దూరవద్దు.

క్రాంకులో ఆట మించితే మాత్రం గ్యారేజీవారు చెప్పినదే నిజం. అడుగున బేరింగులు అరిగిన ఇంజను మీద కొత్త హెడ్లు బిగించడం పునాది కుంగిన ఇంటికి సున్నం వేసినట్టే. అప్పుడు బండిని నిలిపి, డబ్బు కూడేవరకు ఆగాలి. ఊరూ పేరూ తెలియని పాత ఇంజను చవకగా వస్తున్నదని కొనవద్దు. దాని క్రాంకు కూడా ఇలాగే చూశాకనే మాట్లాడాలి.

ఇంతవరకు పొదుపు గురించి చెప్పాము. పొదుపు చేయకూడని చోట్లు కూడా ఉన్నాయి.

పెట్రోలు గొట్టాలు వాటిలో మొదటివి. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుండి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాలు కలుపుతున్నారు. పాత రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోలేక బిరుసెక్కి పగులుతాయి. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే నిప్పు అంటుకుంటుంది. ఈ ఇంజను కేసు మెగ్నీషియం మిశ్రమం. అది అంటుకున్నాక నీళ్లు పోస్తే మంట ఇంకా రెచ్చిపోతుంది. కనుక ఇథనాలుకు పనికివచ్చే ఆర్9 రకం గొట్టాలు, కొత్త క్లిప్పులు ముందు వేయించండి. మంటలార్పే సిలిండరు డ్రైవరు చేతికందే చోట ఉంచండి.

రెండవది హీటరు. ఈ వ్యానులో వెచ్చని గాలి సైలెన్సరు పక్కనున్న పెట్టెల గుండా వస్తుంది. అవి తుప్పుపట్టి చిల్లులు పడితే పొగలోని కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పిల్లలు నిద్రించే బండి అది. చిల్లు కనబడితే మార్చేవరకు హీటరు వాడవద్దు. అలారం ఒకటి తప్పక పెట్టండి.

మూడవది ఆయిలు. ఈ ఇంజనులో పట్టేది 2.5 లీటర్లే. ఫిల్టరు లేదు, తీగ జల్లెడ మాత్రమే ఉన్నది. అయిదు వేల కిలోమీటర్లకు ఒకసారి ఆయిలు మార్చి, జల్లెడ కడిగి, ఆ రోజే టాపెట్లు కూడా చూడండి. ఆ జల్లెడలో మెరిసే లోహపు రజను కనబడితే బేరింగులు అరుగుతున్నాయని తెలుసుకోండి.

మన ప్రాంతంలో పాత జీపో, అంబాసిడరో ఉన్న పాఠకులకూ ఇదే మాట. వాటికి నీళ్ల రేడియేటరు ఉంటుంది, కొలతలు వేరు, కాని వరుస ఒక్కటే. మేస్త్రి “ఇంజను దించాలి” అన్నప్పుడు “కంప్రెషను ఎంత వచ్చింది?” అని మర్యాదగా అడగండి. అంకె చెప్పగలిగిన మేస్త్రికి పని అప్పగించండి. చూడకుండానే ఖర్చు చెప్పిన వానికి నమస్కారం పెట్టి, బండి ఇంటికి తెచ్చుకోండి.