సెలవులు మేలో, మంచు జూన్ దాకా

హైదరాబాద్‌లో ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటిన రోజున హిమాలయాల ఫొటో చూసిన ఎవరికైనా ముందు వచ్చే సందేహం ఒకటే: టికెట్లు దొరుకుతాయా? తెలుగు రాష్ట్రాల్లో బడులకు ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తనకు మిగిలిన నాలుగు సెలవులనూ పిల్లల సెలవులకే జతచేస్తాడు. బెంగళూరు, పుణె, అహ్మదాబాద్ కుటుంబాల లెక్కా ఇదే. అందుకే హిమాచల్‌ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండదారులు మే నడిమి నుంచి జూన్ నడిమి దాకా కిటకిటలాడతాయి. చిక్కల్లా ఒకటే. ఆ నెల రోజులూ మైదానాల్లో వేసవి. 4,000 మీటర్ల ఎత్తున మాత్రం చలికాలం ఇంకా సామాను సర్దుకోలేదు.

కులూ లోయను లాహౌల్‌తో కలిపే హంప్టా కనుమనే తీసుకుంటే, దాని ఎత్తు సుమారు 4,270 మీటర్లు. ఆగస్టులో అక్కడ రాళ్ల మధ్య చక్కటి కాలిబాట ఉంటుంది. జూన్ మొదట్లో అదే చోట బాట ఆనవాలు కూడా ఉండదు, ముందు నడిచినవారి అడుగుజాడలే బాట. సాంగ్లా వైపు దిగే రూపిన్ కనుమ ఇంకా ఎత్తు, దాదాపు 4,650 మీటర్లు. దాని శిఖరం కింది నిటారు గాడి జూన్‌లోనూ మంచుతో నిండే ఉంటుంది. కసోల్ నుంచి మొదలయ్యే సర్ పాస్ మీదికి యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఏళ్ల తరబడి మే నెలలో బృందాలను నడిపిస్తోంది. తెలుగువారిలో చాలామందికి మంచుతో తొలి పరిచయం అక్కడే. వాలు మీద కూర్చుని చిన్నపిల్లల్లా జారడం, ఆ ఫొటోలను ఏడాదంతా ఆఫీసులో చూపించడం మామూలే. ఆ అనుభవం నిజంగానే గొప్పది. దాన్ని మానుకోమని ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ దానికి ఎలా సిద్ధమవుతున్నారన్నదే అసలు విషయం.

2024 మే 29న 22 మంది బృందం ఉత్తరకాశీ వైపు నుంచి సహస్ర తాల్‌కు బయల్దేరింది. ఉత్తరకాశీ, టెహ్రీ జిల్లాల సరిహద్దులో 4,400 మీటర్లకు అటూ ఇటూగా ఉన్న సరస్సుల సముదాయమది. వారిలో 18 మంది కర్ణాటకవారు, ఒకరు మహారాష్ట్ర, ముగ్గురు స్థానిక గైడ్లు. జూన్ 7కల్లా వెనక్కి రావాలి. జూన్ 3న సరస్సు చూసి శిబిరానికి దిగుతుండగా, మధ్యాహ్నం వేళ మంచు తుఫాను కమ్మేసింది. దారి కనిపించలేదు. రాత్రంతా ఆరుబయటే గడపాల్సివచ్చింది. తొమ్మిది మంది చనిపోయారు. 13 మంది బయటపడ్డారు. కేరళలో రుతుపవనాలు ప్రవేశించి అప్పటికి నాలుగు రోజులే. మృతుల్లో ముప్ఫైల వయసువారి నుంచి డెబ్బై దాటినవారి దాకా ఉన్నారు. కొండలు ఎక్కడం తెలియని గుంపు కాదది, ఇదివరకు హిమాలయాల్లో నడిచినవారూ అందులో ఉన్నారు.

ఇలాంటి వార్త రాగానే తప్పు ఎవరిదన్న చర్చ మొదలవుతుంది. ఏజెన్సీదా, గైడ్లదా, అనుమతి ఇచ్చిన అటవీ శాఖదా? ఆ ప్రశ్నలు అడగాల్సినవే. అయితే ఈ దేశంలో హిమాలయ యాత్రల ప్రణాళిక తయారయ్యే తీరులోనే ఒక లోపం ఉంది. దాన్ని ఏ విచారణ కమిటీ కూడా పెద్దగా పట్టించుకోదు. తేదీ ముందు ఖాయమవుతుంది. కొండను ఆ తేదీకి అతికిస్తారు.

రైల్వే శాఖ 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. అయినా సరే మే చివర్లో ప్రయాణానికి మార్చి చివర్లోనే టికెట్ కొనాలి. అప్పటికి కనుమల మీద మంచు ఇంకా పడుతూనే ఉంటుంది. ఎంత మిగులుతుందో చెప్పగలిగేవారు ఎవరూ ఉండరు. తిరుగు టికెట్టూ గడువు తెరుచుకోగానే కొనేస్తారు. ఆరు రోజుల నడక, ఏడో రోజు డెహ్రాడూన్, ఎనిమిదో రోజు ఢిల్లీ నుంచి రైలు, సోమవారం పొద్దున ఆఫీసు. ఈ లెక్కలో వాతావరణానికి ఒక్క పూట కూడా కేటాయింపు లేదు. కనుమ దాటాల్సిన రోజున మబ్బు పడితే, శిబిరంలో ఒక రోజు ఆగుదామన్న మాట అనడానికి గైడ్ కూడా జంకుతాడు. ఎందుకంటే అలా ఆగితే పాతిక మంది రైలు తప్పిపోతుంది.

మంచు తీరు కూడా పాత లెక్కలకు అందడం లేదు. ఖాట్మండులోని ఇసిమోడ్ సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2024 నవంబరు నుంచి 2025 మార్చి దాకా హిందూకుష్-హిమాలయ ప్రాంతంలో మంచు నిలకడ సాధారణం కంటే 23.6 శాతం తక్కువ. అప్పటికి 23 ఏళ్లలో అదే అత్యల్పం. ఇది చదివి దారులు త్వరగా తెరుచుకుంటాయని సంబరపడేవారుంటారు. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం 2024లో వెలువరించిన పరిశోధన ఆ సంబరం మీద కాస్త నీళ్లు చల్లుతుంది. మధ్యధరా ప్రాంతం దిక్కునుంచి వచ్చి హిమాలయాల్లో మంచు కురిపించే పశ్చిమ అలజడులు ఒకప్పుడు ఎక్కువగా చలికాలంలోనే వచ్చేవి. అంతకు ముందరి 50 ఏళ్లతో పోలిస్తే గత 20 ఏళ్లలో జూన్ నెలలో అవి రెట్టింపయ్యాయని ఆ అధ్యయనం తేల్చింది. అంటే పాత మంచు తగ్గినా, కొత్త మంచు తుఫాను జూన్‌లో వచ్చి పడే అవకాశం పెరిగింది. పోయినేడు ఇదే తేదీన వెళ్లొచ్చిన మిత్రుడు చెప్పే మాటకు అందుకే పెద్దగా విలువ లేదు.

వేసవి మంచుకు ఒక దినచర్య ఉంటుంది. అది తెలిస్తే సగం ప్రణాళిక అయిపోయినట్టే. రాత్రి గడ్డకట్టిన పైపొర తెల్లవారుజామున రాయిలా ఉంటుంది. దాని మీద బూటు జారుతుంది గానీ కాలు దిగబడదు. ఇనుప ముళ్లున్న మైక్రోస్పైక్స్ తొడుక్కుంటే నడక సాఫీగా సాగుతుంది. ఎండెక్కేకొద్దీ పొర మెత్తబడుతుంది. ఉదయం పది దాటాక మడమ దాకా, మధ్యాహ్నానికి మోకాలి దాకా కూరుకుపోతుంది. గంటలో నడవాల్సిన దూరానికి మూడు గంటలు. తడిసిన మంచు నిటారు వాలుల మీద నిలవలేక జారడం మొదలయ్యేదీ అప్పుడే. వాగుల సంగతీ అంతే. పైన ఎండకు కరిగిన నీరు సాయంత్రానికి కిందికి చేరుతుంది. పొద్దున పిక్కల్లోతు దాటిన వాగు సాయంత్రం నడుము లోతవుతుంది. ఇక మబ్బులు, పిడుగులు కూడా మధ్యాహ్నం తర్వాతే. అన్నీ ఒకే మాట చెబుతున్నాయి. కనుమ దాటే రోజున తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో బయల్దేరాలి. ఏ గంటకు ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలో ముందు రాత్రే తేల్చుకోవాలి. పదకొండు అనుకుంటే పదకొండే. శిఖరం మరో అరగంటలో ఉందని గడువును పొడిగించడం కొండల మీద అతి సులభమైన పని. అతి ఖరీదైనది కూడా.

వాగుల మీది మంచు వంతెనలు మరో తంతు. చలికాలంలో పక్క వాలుల నుంచి జారిన మంచు వాగును పూడ్చేస్తుంది. మే వచ్చేసరికి నీరు అడుగున సొరంగం తవ్వుకుంటూ పోతుంది. పైనుంచి చూస్తే తెల్లటి మైదానం, కింద రెండు మనుషుల లోతు ఖాళీ. అంచుల దగ్గర పలచబడి, మధ్యలో సొట్ట పడి ఉంటే దానికి కాలం చెల్లినట్టే. జూన్ గడిచేకొద్దీ ఒక్కొక్కటే కూలుతుంటాయి. కూలినచోట దారి పక్కనున్న నిటారు కొండ మీదికి మళ్లుతుంది. యాత్రికులు ఇలాంటి ప్రతి మంచుపేరునూ గ్లేసియర్ అనేస్తారు. హేమకుండ్ సాహిబ్ దారిలోని అట్లాకోటి అలాంటిదే. 4,000 మీటర్లకు పైనున్న ఆ గురుద్వారాకు ఏటా సైనికులే మంచు తవ్వి దారి చేస్తారు. అంత ఏర్పాటు ఉన్నా 2023 జూన్ 4న అట్లాకోటి వద్ద మంచు జారి ఒక యాత్రికురాలు మరణించింది. వృద్ధులూ పిల్లలూ చెప్పులతో నడిచే దారది.

కనుమకూ లోయకూ ఉన్న తేడాను గుర్తిస్తే మేలో వెళ్లేవారికి చాలా బెడద తప్పుతుంది. కనుమ దాటడమంటే ఒక వైపు నుంచి ఎక్కి మరో వైపు దిగడం. బండి అవతలి వైపు ఎదురుచూస్తుంటుంది. సగం దిగాక వెనక్కి రావడం దాదాపు అసాధ్యం. లోయ నడకలో ఏ క్షణంలోనైనా వచ్చిన దారినే తిరిగిపోవచ్చు. ఉత్తరాఖండ్‌లో సాంక్రీ నుంచి వెళ్లే హర్ కీ దూన్ అలాంటి లోయ, ఎత్తు సుమారు 3,500 మీటర్లు. మేలో దారి చాలామటుకు తేలికగా ఉంటుంది, చుట్టూ శిఖరాల మీద మంచు కనిపిస్తూనే ఉంటుంది. ఎదురుగా స్వర్గారోహిణి, 6,252 మీటర్లు. పాండవులు స్వర్గానికి వెళ్లింది ఆ దారినేనని స్థానికుల నమ్మకం. వారు తిరుగు టికెట్ తీసుకోలేదన్నది వేరే సంగతి.

ఎత్తు విషయంలో దక్షిణాదివారికి అదనపు ఇబ్బంది ఉంది. సముద్రమట్టానికి కాస్త పైనున్న విజయవాడ నుంచి ఉదయం విమానమెక్కినవాడు మర్నాడు సాయంత్రానికి మనాలీ పైనున్న శిబిరంలో, 3,000 మీటర్ల దగ్గర పడుకుంటాడు. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వాంతులు, నిద్రపట్టకపోవడం ఎవరికైనా రావచ్చు. రోజూ పరుగెత్తే పాతికేళ్ల కుర్రాడూ దీనికి మినహాయింపు కాదు. 3,000 మీటర్ల పైన పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలని వైద్యులు చెబుతారు. మైదానాల నుంచి వచ్చేవారి ఆరు రోజుల ప్యాకేజీల్లో చాలావాటికి ఈ సూత్రం ఇమడదు. డయమాక్స్ మాత్ర డాక్టరును అడిగి వేసుకోవచ్చు. మాత్రతో పని కాకపోతే ఉన్న మందు ఒకటే, కిందికి దిగడం. మాట తడబడుతున్నా, అడుగు తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా రాత్రనీ చూడకుండా దింపాలి.

సామాను గురించి ఇంటర్నెట్ నిండా జాబితాలే. మే నెల హైదరాబాద్‌లో ఉన్నికోటు కొనడం మాత్రం ఒక ప్రహసనం. టిబెటన్ల స్వెటర్ల దుకాణాలు చలికాలంతోపాటే సర్దుకుపోతాయి. బూట్లు, మైక్రోస్పైక్స్, పిక్కలకు చుట్టుకునే గెయిటర్లు మనాలీలోనో సాంక్రీలోనో అద్దెకు దొరుకుతాయి. జీన్స్ తడిస్తే ఆరదు కాబట్టి ఇంట్లోనే వదిలేయాలి. నల్ల కళ్లద్దాలను మాత్రం చాలామంది స్టైల్ కింద లెక్కవేస్తారు. వెయ్యి మీటర్లకు పది శాతం చొప్పున అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి. తాజా మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి ముఖం మీదికి కొడుతుంది. అద్దాలు లేకుండా ఒక పూట నడిస్తే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. గడ్డం కింద, ముక్కు రంధ్రాల దగ్గర కూడా చర్మం కాలుతుంది.

సాయం కోసం పిలవడం ఇంకా కష్టం. అమెరికా, ఐరోపా కొండల్లో జేబులో పట్టే శాటిలైట్ మెసెంజర్ మామూలు వస్తువు. భారత్‌లో టెలికాం శాఖ అనుమతి లేకుండా అది నిషిద్ధం. తెలియక తెచ్చి విమానాశ్రయాల్లో పట్టుబడిన విదేశీయులున్నారు. వేసవికి ఇంటికొచ్చి హిమాలయాలకు వెళ్లాలనుకునే ప్రవాస తెలుగువారు కూడా ఈ సంగతి గమనించాలి. భద్రత దృష్ట్యా నిషేధానికి కారణాలుండొచ్చు. నమోదైన గైడ్ల చేతికైనా ఇలాంటి పరికరం ఇచ్చే ఏర్పాటు ఎందుకు ఉండకూడదన్నది మాత్రం న్యాయమైన ప్రశ్నే. సహస్ర తాల్‌లో జూన్ 3 మధ్యాహ్నం తుఫాను మొదలైతే వాయుసేన హెలికాప్టర్లు పని మొదలుపెట్టింది జూన్ 5 ఉదయం.

అందుకే డబ్బు కట్టేముందు ఏజెన్సీని అడగాల్సింది భోజనంలో పనీర్ ఉంటుందా అని కాదు. ప్రయాణంలో ఖాళీ రోజు ఉందా? ఎంతమందికి ఒక గైడ్? గైడ్ వెనక్కి తిరుగుదామంటే ఆ మాటే చెల్లుతుందా, లేక ఆఫీసుకు ఫోన్ చేయాలా? ఫోనే పలకని చోట ఆఫీసు ఏం చెబుతుంది? ఈ ప్రశ్నలకు తడుముకునేవారికి డబ్బు కట్టకపోవడమే మేలు. గైడ్ పరిస్థితీ ఆలోచించాలి. ఆ సీజను నాలుగు నెలల సంపాదనే అతని ఏడాది ఖర్చు. శిఖరం చేరని బృందం ఇంటికెళ్లి తక్కువ రేటింగ్ ఇస్తుందన్న భయం అతనికి ఉంటుంది. వెనక్కి తిప్పినందుకు అతన్ని మెచ్చుకుని టిప్పు ఇచ్చే బృందాలు అరుదు.

2014 మే 25న 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ కథ తెలుగువారందరికీ తెలుసు. భువనగిరి బండ మీద మొదలుపెట్టి డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో నెలల తరబడి ఆమె పొందిన శిక్షణ గురించి మాత్రం తక్కువమంది మాట్లాడతారు. హంప్టా ఎవరెస్ట్ కాదు, అంత శిక్షణా అక్కర్లేదు. రెండు నెలల పాటు వీపున ఏడెనిమిది కిలోల సంచీతో మెట్లెక్కితే, ఆదివారాలు భువనగిరి గుట్టకో అనంతగిరికో వెళ్తే సరిపోతుంది.

మంచు కోసమే మేలో వెళ్లాలనుకునేవారు తిరుగు టికెట్‌ను రెండు రోజులు వెనక్కి జరుపుకోవాలి. వాతావరణం బాగుండి ఆ రెండు రోజులూ మిగిలిపోతే సాంక్రీలో ఆపిల్ తోటలు చూడొచ్చు, మనాలీలో వేడి నీటి గుండాల్లో మునగొచ్చు. అన్ని సెలవులు దొరకనివారికి దసరా ఉంది. అప్పటికి వానలు తగ్గి, వాగులు పలచబడి, కనుమల మీద బాట చాలామటుకు బయటపడి ఉంటుంది. గుంపులూ తక్కువే. రైలు టికెట్లు మాత్రం ఆగస్టులోనే కొనాలి.